బండ్లు కొనే ముందు నిమిషాలు లెక్కపెట్టు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. పిలిచిన చోటికి టాక్సీ బండ్లు పంపే విభాగం నీ చేతికి వచ్చినందుకు చాలా సంతోషం. నగరం పెరిగిపోతోందని, ఎన్ని బండ్లు చేర్చినా సాయంత్రాలు చాలడం లేదని, ఇంకా ఎన్ని కొనమంటారని అడిగావు. కొనుగోలు సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ఉన్న బండ్ల నిమిషాలు ఎక్కడ పోతున్నాయో ముందు చూడాలి.

నీ దగ్గర వంద బండ్లు ఉన్నాయనుకో. సగటు ప్రయాణం 20 నిమిషాలు, ప్రయాణికుడి దగ్గరికి చేరడానికి 5 నిమిషాలు. ఒక్కో ట్రిప్పు బండిని 25 నిమిషాలు పట్టి ఉంచుతుంది కాబట్టి, వంద బండ్లూ క్షణం ఖాళీ లేకుండా తిరిగితే గంటకు 240 ట్రిప్పులు అవుతాయి. సాయంత్రం వాన పడింది. పిలుపులు పెరిగాయి, దగ్గర్లో ఖాళీ బండ్లు లేవు, దూరం నుంచి పంపడం మొదలుపెట్టావు. చేరే సమయం 15 నిమిషాలైంది. ఇప్పుడు అవే వంద బండ్లు గంటకు 171 ట్రిప్పులే చేయగలవు. అవసరం పెరిగిన గంటలోనే నీ సామర్థ్యం పాతిక శాతానికి పైగా తగ్గింది. అది తగ్గడంతో ఖాళీ బండ్లు ఇంకా కరువవుతాయి, తర్వాతి పిలుపుకు మరింత దూరం నుంచి పంపవలసి వస్తుంది. ఈ సుడిలో చిక్కిన బండ్లన్నీ రోడ్డు మీదే ఉంటాయి, అన్నీ పరుగెడుతూనే ఉంటాయి, కానీ సగానికి సగం ఖాళీగా పరుగెడుతుంటాయి. 2017లో ముగ్గురు ఆర్థికవేత్తలు దీన్ని గణితంతో విడమరచి చూపించారు. వాళ్లు రాయకముందే కంట్రోల్ రూములో కూర్చున్న ప్రతివాళ్లకూ ఇది అనుభవంలో తెలుసు.

దీనికి మందు ఒకటే: బండి ఎంత దూరం నుంచి రావచ్చో హద్దు పెట్టు. ఆ హద్దు కిలోమీటర్లలో కాదు, నిమిషాల్లో ఉండాలి. రద్దీ వేళల్లో దాన్ని సడలించకు, ఇంకా బిగించు. పది నిమిషాల ప్రయాణానికి పావుగంట దూరం నుంచి బండి పంపితే ఇంకొకరి బండి నువ్వే లాక్కున్నట్టు. హద్దులో బండి లేకపోతే ఆ మాట వెంటనే చెప్పు. "ఇప్పుడు బండి లేదు, కావాలంటే వరుసలో ఉంచుతాం" అని నిజం చెబితే మనిషి మరో దారి చూసుకుంటాడు. "మూడు నిమిషాల్లో వస్తుంది" అని నమ్మించి ఇరవై నిమిషాలు వీధిలో నిలబెడితే అతను మధ్యలో రద్దు చేస్తాడు, బయలుదేరిన డ్రైవరు శ్రమ వృథా అవుతుంది, ఆ నిమిషాలు ఎవరికీ దక్కవు. రద్దీలో ధర పెంచడం కూడా పిలుపులను తగ్గిస్తుంది, నేను కాదనను. కానీ దానికి ముందే ప్రకటించిన పరిమితి ఉండాలి. రాత్రివేళ ఒంటరిగా నిలబడిన మనిషి అవసరాన్ని చూసి ధర ఎక్కించడం నాకు ఎన్నడూ సమ్మతం కాదు.

ఇక "దగ్గరి బండి" అనే మాటను అనుమానంతో చూడు. మ్యాపు మీద గీత గీస్తే మూడు వందల మీటర్లే కనిపించే బండి, రైలు పట్టాలకు అవతల ఉండవచ్చు. డివైడర్‌కు అటువైపు, వ్యతిరేక దిశలో వెళుతూ ఉండవచ్చు. యూ టర్న్ తీసుకుని వచ్చేసరికి, కిలోమీటరు వెనక నుంచి ఇటే వస్తున్న బండి ముందు చేరుతుంది. జీపీఎస్ ఆరుబయట కొద్ది మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. ఎత్తైన భవనాల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి తిరిగి వస్తుంది కాబట్టి బండిని పక్క వీధిలో చూపించవచ్చు. ఫ్లైఓవర్ పైన ఉందో కింద ఉందో కూడా దానికి చాలాసార్లు తెలియదు. కాబట్టి దూరం బదులు చేరే సమయాన్ని లెక్కించే పద్ధతి కావాలి, ఆ సమయం గంట గంటకూ మారాలి. పెరిగే నగరంలో కొత్త వంతెన వస్తుంది, నిన్నటి రెండువైపుల రోడ్డు ఇవాళ ఒకవైపే అవుతుంది. బయటి మ్యాపు వీటిని అందుకునేలోపు నీ బండ్లు రోజూ ఆ దారులనే తిరుగుతుంటాయి. వాటి ప్రయాణ సమయాలే నీకున్న అత్యుత్తమ మ్యాపు.

బండిని ఎవరికి ఇవ్వాలన్నది మరో చిక్కు. ఒక ఉదాహరణ చెబుతాను, కాగితం మీద వేసి చూడు. మొదటి బండి ఒక ప్రయాణికురాలికి 2 నిమిషాల్లో, మరో ప్రయాణికుడికి 3 నిమిషాల్లో చేరుతుంది. రెండో బండి ఆమెకు 4 నిమిషాలు, అతనికి 12 నిమిషాలు. ఆమె ముందు పిలిచింది కదా అని దగ్గరి బండి ఇచ్చేస్తే, రెండు పిలుపులకూ కలిపి 14 నిమిషాల ఖాళీ పరుగు. తారుమారు చేస్తే 7 నిమిషాలే. ఆమె అదనంగా ఆగేది రెండు నిమిషాలు, అతనికి మిగిలేది తొమ్మిది. ఇలాంటి జతలు కుదిర్చే పద్ధతిని గణితవేత్త హెరాల్డ్ కూన్ 1955లోనే ప్రచురించాడు, కంప్యూటర్‌కు ఇప్పుడది క్షణాల పని. నువ్వు చేయవలసిందల్లా పిలుపు రాగానే బండి కేటాయించకుండా కొన్ని సెకన్లు పిలుపులను పోగుచేసి, అన్నిటినీ కలిపి చూడటం. బండ్లు పుష్కలంగా ఉన్న మధ్యాహ్నం వేళ ఈ ఆగడం అక్కరలేదు.

అలాగే, ఖాళీ బండ్లనే చూడకు. రెండు నిమిషాల్లో ట్రిప్పు ముగించి అక్కడే దిగబెట్టబోతున్న బండి చాలాసార్లు ఖాళీ బండి కంటే మేలు. న్యూయార్క్ నగరంలో ఏడాదిలో జరిగిన 15 కోట్లకు పైగా టాక్సీ ప్రయాణాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. ఒక ట్రిప్పు ముగిసిన చోటును తర్వాతి ట్రిప్పు మొదలయ్యే చోటుతో సరిగ్గా ముడివేస్తే, ఎవరినీ ఇంకొకరితో కలిపి ఎక్కించకుండానే, అప్పటికప్పుడు వచ్చే పిలుపులతో కూడా 30 శాతం తక్కువ బండ్లు చాలునని అందులో తేలింది. అయితే పంపిన ప్రతి బండీ వెళుతుందనుకుంటేనే ఆ లెక్క నిలుస్తుంది. నీ దగ్గర నడిపేది మనుషులు. ఏడాది మొత్తానికి అంత పొదుపు చేస్తానని యజమానికి మాట ఇవ్వకు.

ఆ మనుషుల గురించే నాకు ఎక్కువ బెంగ. శివార్లలో కొత్త కాలనీలు వెలిసేకొద్దీ సాయంత్రం బండ్లన్నీ ఊరి బయటికి కొట్టుకుపోతాయి, తిరిగి రావడానికి సవారీ ఉండదు. అటు వెళ్లిన డ్రైవరుకు తిరుగు ట్రిప్పులో మొదటి హక్కు ఇవ్వు, లేదా ఖాళీగా వచ్చిన దూరానికి డబ్బు కట్టు. ఈ రెండూ చేయకుండా "శివారు ట్రిప్పులు కాదంటున్నారు" అని శిక్షిస్తే మంచి డ్రైవర్లు వెళ్లిపోతారు. ఎక్కడికి వెళ్లాలో ముందే చూపించు. స్టేషన్ల దగ్గర వచ్చిన వరుసనే బండి ఇవ్వు, అక్కడ తెలివితేటలు వద్దు. పని గంటలకు హద్దు పెట్టి, ఆ హద్దు దాటిన వాళ్లకు కంప్యూటరే ట్రిప్పు ఇవ్వకుండా చూడు. 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుకు సమానమని 1997లోనే పరీక్షించి చూపించారు. డబ్బు అవసరంలో ఉన్నవాడు తనంతట తాను ఆగడు.

ఇప్పుడు నీ ప్రశ్న. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం నీకు చాలు: గంటకు వచ్చే పిలుపులను, ఒక్కో ట్రిప్పు బండిని పట్టి ఉంచే సమయంతో గుణిస్తే, ఏ క్షణానైనా పనిలో ఉండవలసిన బండ్ల సంఖ్య వస్తుంది. గంటకు 240 పిలుపులు, 25 నిమిషాలు అయితే వంద. పిలుపులు ఒక్కటీ పెరగకుండా, నగరం సాగి ప్రయాణం 5 నిమిషాలు పొడవైతే 120. దానిపైన కొన్ని బండ్లు ఖాళీగా ఉండి తీరాలి. అవి అక్కడక్కడా నిలబడి ఉన్నాయి కాబట్టే చేరే సమయం 5 నిమిషాలకు ఆగుతుంది. యజమాని వాటిని చూపించి దండగ అంటాడు. గట్టిగా అడ్డుపడు, మొదట చూపించిన 171 లెక్క ఆయన ముందు పెట్టు.

సగటులు పంపకు, వాటిలో శివారు బాధ కనిపించదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు, ప్రాంతాల వారీగా, గంట గంటకూ మూడు అంకెలు పంపు: వచ్చిన పిలుపులు, చేరడానికి పట్టిన సమయం, ప్రయాణ సమయం. రద్దయిన పిలుపులను తీసేయకు, అవి విడిగా కావాలి. రెండు వారాలవి చేరితే ఎన్ని బండ్లు కొనాలో, అసలు కొనాలో వద్దో ఇద్దరం కలిసి తేల్చుదాం.

ఆశీస్సులతో,
పెదనాన్న