భీమిలిలో చైత్రం గాలులు: పొద్దున ఉక్క, సాయంత్రం గాలివాన. మేడ మీద సామాను ఎలా కాపాడుకోవాలి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: భీమిలిలో సముద్రానికి అర కిలోమీటరు దూరంలో డాబా ఇల్లు. మేడ మీద 12 అడుగులు, 15 అడుగుల బరకం పందిరి, ఒక రేకుల షెడ్డు, వెయ్యి లీటర్ల ట్యాంకు, ముప్ఫై దాకా కుండీలు ఉన్నాయి. వారం రోజులుగా ఒక పూట ఎండ, ఒక పూట ఉక్క, రెండు సాయంత్రాలు గాలివాన. గాలి రోజూ వీస్తూనే ఉంది కాబట్టి ఏ గాలికి భయపడాలో, ఏ గాలిని వదిలెయ్యాలో తెలియడం లేదు.

ఈ రోజుల్లో గాలి ఎంత గట్టిగా వీస్తోందన్నదాని కంటే ఎటునుంచి వీస్తోందన్నది ముఖ్యం. మీకు తూర్పున, ఆగ్నేయాన సముద్రం, పడమర, వాయవ్యాల్లో కొండలు. ఫాల్గుణం చివర్నుంచి వైశాఖం దాకా పగలంతా మీకు తగిలేది దక్షిణం, నైరుతి వైపు నుంచి తీరం వెంబడి వచ్చే గాలి. నేల వేడెక్కాక పది, పదకొండు గంటలకి పుంజుకుంటుంది, మధ్యాహ్నం జోరుగా ఉంటుంది, రాత్రికి నెమ్మదిస్తుంది. బట్టలు ఎగరేస్తుంది, తలుపులు దడదడలాడిస్తుంది, ఇసుక తెచ్చి పోస్తుంది. అయినా అది ఒకే తీరున వీచే గాలి, దానికి ఇల్లు అలవాటు పడిపోతుంది. నష్టం చేసేది సాయంత్రం కొండల వైపు నుంచి ఒక్కసారిగా విరుచుకుపడే ఈదురుగాలి. దక్షిణపు గాలికని కట్టిన కట్లన్నీ దానికి తప్పు దిక్కున ఉంటాయి. మేడల మీద బరకాలు చిరగడానికి, రేకులు లేవడానికి చాలావరకు ఇదే కారణం.

అది ఎలా పుడుతుందో తెలిస్తే ఎప్పుడొస్తుందో చెప్పడం తేలిక. బంగాళాఖాతం మీది తేమ గాలి పగలంతా లోపలికి పోతుంది. అనంతగిరి, అరకు వైపు కొండలు ఎండకి కాగి ఆ తేమని పైకి నెడతాయి. దానికి తోడు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా ద్రోణి ఉంటే మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి అక్కడ క్యుములోనింబస్ మేఘాలు, అంటే ఉరుములు మెరుపులు తెచ్చే ఎత్తైన మబ్బులు లేస్తాయి. పైన ఎత్తులో వీచేది పడమటి గాలి కాబట్టి ఆ మేఘాలు తీరం వైపు జరుగుతాయి, చాలాసార్లు పొద్దు వాలే వేళకి మీ దగ్గరికి చేరతాయి. మేఘంలోంచి వాన పడుతున్నప్పుడు చల్లబడి బరువెక్కిన గాలి కిందికి దూకి, నేలని తాకి చుట్టూ పరుచుకుంటుంది. వానకంటే ముందు మీ మేడ మీదికి వచ్చేది ఆ గాలే. తుపానుకి రోజుల ముందే కబురు అందుతుంది. దీనికి మీ చేతిలో ఉండేది అరగంట, గంట.

ఆ అరగంటని కళ్లతోనే పట్టుకోవచ్చు. రెండు దాటాక వాయవ్యం వైపు చూడండి. మబ్బు తలలు కాలీఫ్లవర్ పువ్వులా గట్టి అంచులతో పైకి ఎగబాకుతుంటే మేఘం ఇంకా పెరుగుతోందని అర్థం. తల చదునై పక్కలకి చాపలా పరుచుకుంటే అది ముదిరిపోయింది. తరవాత గుర్తు ఇంకా దగ్గరిది. అప్పటిదాకా ఈశాన్యం వైపు ఊగుతున్న కొబ్బరి మట్టలు ఉన్నట్టుండి నిలువుగా వేలాడతాయి. తీగ మీద బట్టలు కదలవు, ఒళ్లంతా చెమట. దక్షిణపు గాలి ఆగిపోయిందన్నమాట. దాని వెనకే పడమర నుంచి తడిమట్టి వాసనతో చల్లగాలి ముఖానికి తగిలితే ఇక పనులు పెట్టుకోవద్దు, కిందికి దిగిపోండి. మట్టి వాసన వచ్చిందంటే ఆ వైపు వాన అప్పటికే పడుతోంది.

ఫోన్‌లో చూడాలంటే వాతావరణ శాఖ వాళ్ల మౌసమ్ యాప్, మెరుపుల కోసం దామిని యాప్ సరిపోతాయి. విశాఖ డాప్లర్ రాడార్ బొమ్మ ఒక్కటి చూసి వదిలెయ్యకండి. పది, ఇరవై నిమిషాల తేడాతో మూడు బొమ్మలు చూస్తేనే ఎర్రమచ్చ, అంటే జోరువాన ఉన్న చోటు, ఎటు జరుగుతోందో తెలుస్తుంది. పొద్దున వచ్చే ముందస్తు సూచన జిల్లా మొత్తానికి. గాలివాన విషయంలో నమ్మదగినది మూడు గంటలకే చెల్లే నౌకాస్ట్, అంటే అప్పటికప్పుడు ఇచ్చే సూచన. ఫోన్‌లో పీడనం చూపించే యాప్ పెట్టుకున్నవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. మన దగ్గర పీడనం ఏ వానా లేకపోయినా పొద్దున పదికి ఎక్కువగా ఉండి సాయంత్రం నాలుగుకి మూడు, నాలుగు హెక్టాపాస్కల్‌లు (పీడనం కొలిచే యూనిట్లు) తగ్గుతుంది, మళ్లీ రాత్రి పదికి పెరుగుతుంది. మధ్యాహ్నం తగ్గుదల చూసి గాలివాన అనుకోకండి. నాలుగింటికి తగ్గి ఉండాల్సింది నిమిషాల్లో ఒకటి, రెండు ఎగబాకిందంటే మాత్రం ఈదురుగాలి మీ మీదికి వచ్చేసినట్టే.

ఇక బరకం. హెచ్చరికల్లో తరచుగా కనపడే అంకె గంటకి 40 నుంచి 50 కిలోమీటర్లు. వినడానికి చిన్నగా ఉంటుంది, కానీ గాలి తోపుడు వేగానికి వర్గం లెక్కన పెరుగుతుంది. 50 దగ్గర చదరపు మీటరుకి సుమారు 12 కిలోలు. మీ బరకం దాదాపు 17 చదరపు మీటర్లు, అంటే నిండుగా పట్టినప్పుడు 200 కిలోల లాగుడు. (2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తెచ్చిన 180 కిలోమీటర్ల గాలికి ఈ లెక్క 13 రెట్లు. అలాంటిదాన్ని తాళ్లతో ఆపే ఆలోచనే వద్దు.) నాలుగు మూలల్లో నాలుగు తాళ్లుంటే ఒక్కోదాని మీద 50 కిలోలు పడుతుంది, అదీ కుదుపుతో. నైలాన్ తాడు తట్టుకుంటుంది, చిరిగేది బరకం కంటి దగ్గర, అంటే తాడు దూర్చే రింగు దగ్గర. అందుకే కళ్లన్నిటికీ, అంటే మూడేసి అడుగులకి ఒకటి చొప్పున తాడు వెయ్యాలి. ప్రతి తాడుకీ చివర సైకిల్ ట్యూబు ముక్క ఒక జానెడు కలిపితే కుదుపుని అది మింగుతుంది. పందిరి మధ్యలో గుంట పడకుండా ఒక వైపు అడుగు ఎత్తు తేడా ఉంచండి, లేకపోతే వాన నీళ్లు నిలిచి బరకం గుడ్డసంచిలా వేలాడుతుంది. అన్నిటికంటే మంచిది, పడమటి వైపు తాళ్లని లారీ ముడితో కట్టుకోవడం. గట్టిగా బిగుస్తుంది, కొస లాగితే క్షణంలో ఊడుతుంది. వాయవ్యాన మబ్బు పరుచుకున్న రోజు ఆ వైపు ఊడదీసి, బరకాన్ని తూర్పు గోడ వైపు చుట్టేసి కట్టెయ్యండి. గాలి మొదలయ్యాక ఊడదియ్యడానికి పైకి వెళ్లవద్దు. ఒక పక్క వదులైన బరకం మనిషిని పిట్టగోడ మీదికి ఈడ్చగలదు.

రేకుల షెడ్డులో గాలి రేకుని పైనుంచి తొయ్యదు, పైకి పీకుతుంది. ఆ పీకుడు చూరు అంచుల్లో, మూలల్లో ఎక్కువ. ఒక పక్క తెరిచి ఉన్న షెడ్డయితే లోపలికి దూరిన గాలి కిందనుంచి కూడా ఎత్తుతుంది. మీ షెడ్డు తెరిచిన వైపు పడమరకి ఉంటే ముందు ఆ పని చూసుకోండి. మధ్యలో రేకు ఉబ్బుల్లో (అలల్లా పైకి లేచిన చోట్ల) ఒకటి విడిచి ఒకదానికి స్క్రూ చాలు, చూరు అంచున, కొసన మాత్రం ప్రతి ఉబ్బుకీ ఒకటి ఉండాలి. అడ్డ పైపుల మధ్య దూరం నాలుగు అడుగులు ఉంటే అంచు దగ్గర మూడుకి తగ్గించండి. స్క్రూ బిగించేటప్పుడు రబ్బరు వాషరు లోహపు టోపీ అంచుదాకా ఉబ్బితే చాలు, బయటికి పిండుకొచ్చేలా తిప్పితే ఒక ఎండాకాలానికే పగిలిపోతుంది. ఆ చీలికలోంచి ఉప్పునీరు దిగి స్క్రూ మెడని తినేస్తుంది. పైనుంచి చూస్తే తల బాగానే కనిపిస్తుంది, వేలితో ఊపితే కదులుతుంది. సముద్రానికి అర కిలోమీటరులో ఉన్నవాళ్లు ఏటా ఉగాదికి ముందు ప్రతి స్క్రూనీ ఇలా చేత్తో ఊపి చూడడం తప్పనిసరి. సిమెంటు రేకులైతే జె-బోల్టులు (రేకుని అడ్డ పైపుకి పట్టి ఉంచే కొక్కెం బోల్టులు) చూడండి, రేకు మీద కాలు పెట్టకుండా పలక వేసుకుని. రేకుల మీద ఇటుకలు, పాత టైర్లు పెట్టడం మన వీధుల్లో మామూలే కానీ అది నాకు ససేమిరా నచ్చదు. రేకు లేచిందంటే ఇటుక పక్కవాళ్ల గుమ్మంలో పడుతుంది. కొత్తగా షెడ్డు వేయించేవాళ్లు పనివాడికి చెప్పాల్సిన అంకె ఒకటుంది. భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకి మూల గాలివేగం (కట్టడాల లెక్కకి ఆధారంగా తీసుకునే వేగం) సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు.

ట్యాంకు సంగతి తేలిక. ఖాళీ వెయ్యి లీటర్ల ట్యాంకు బరువు ముప్ఫై కిలోల లోపే. 50 కిలోమీటర్ల గాలికి నిలబడుతుంది, 70 దాటితే జారొచ్చు, దొర్లొచ్చు, పైపు కీళ్లు విరుగుతాయి. మూడో వంతు నీళ్లున్నా మూడు వందల కిలోలు పైనే, ఇక కదలదు. రెండింటికల్లా నింపేసుకుంటే కరెంటు పోయినా రాత్రికి ఇబ్బంది ఉండదు. మూతని తీగతో కట్టండి, ముందు ఎగిరేది అదే.

కుండీల్లో పొడుగ్గా పెరిగినవి పడమటి పిట్టగోడకి ఆనించి నేల మీద పెట్టండి, గోడ మీద ఒక్కటి కూడా వద్దు. ఇంటి పక్క మునగ ఉంటే కాయ కోశాక పొడుగు కొమ్మలు తగ్గించండి, ఆ చెక్క పెళుసు. గెల వేసిన అరటికి రెండు వెదురు గెడలు కత్తెరలా, చెట్టు ఒరిగిన వైపున పెట్టాలి. కొబ్బరి ఎండు మట్టలు ముందే దింపించండి, చెట్టు కింద బండి నిలపకండి. రాలిన మామిడి పిందెలు ఆ రాత్రికే కడిగి తుడిచి వాడేస్తే పప్పులోకి బాగుంటాయి, దెబ్బతిన్న చోట పొద్దునకి నల్లబడతాయి.

వడియాలు, మిరపకాయలు, కొత్త చింతపండు ఎండబెట్టేవాళ్లకి ఈ వారం నిజంగా పరీక్ష. దక్షిణపు గాలి రోజున ఎండ ఎంత చురుక్కుమన్నా గాలిలో తేమ ఎక్కువ, పొద్దున తొమ్మిది దాకా వడియం పైన చెమ్మ వదలదు. అసలైన వడియాల రోజు పడమటి గాలి రోజే. రెండు, మూడు గాలివానల తరవాత ఒక్కోసారి గాలి పూర్తిగా పడమరకి తిరిగి, పొడిగా వేడిగా వీస్తుంది. విశాఖకి వాల్తేరు, విమానాశ్రయం అని రెండు కొలతలు వస్తాయి. మామూలు రోజుల్లో సముద్రం పక్కనున్న వాల్తేరు చల్లగా ఉంటుంది. అక్కడ కూడా వేడి ఎగబాకి రెండూ దగ్గరపడ్డాయంటే సముద్రపు గాలి లోపలికి రాలేదన్నమాట. ఆ రోజు పిండి కలపండి. పొద్దున ఏడుకల్లా పెట్టేసి, పైన పాత పల్చటి చీర కప్పి అంచులకి రాళ్లు పెట్టి, మూడుకి దింపేయాలి. వానకి దొరికిన సగం ఎండిన వడియాల్ని డబ్బాలో పెట్టడం పెద్ద తప్పు, తెల్లారేసరికి పులిసిన వాసన వస్తుంది. వెడల్పు చాప మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి రాత్రంతా ఫ్యాను కింద ఉంచండి. మిరపకాయలయితే తొడిమ దగ్గర చూసుకోండి, బూజు మొదలయ్యేది అక్కడే.

కరెంటు గురించి అడగలేదు కానీ చెప్పాలి. వారం రోజుల దక్షిణపు గాలి స్తంభాల మీది పింగాణీ గిన్నెలకి (ఇన్సులేటర్లకి) ఉప్పు పూస్తుంది. జోరువాన దాన్ని కడిగేస్తుంది, చిన్న చినుకు, తెల్లారగట్ల మంచు మాత్రం ఆ ఉప్పుని తడిపి కరెంటు పారేలా చేస్తాయి. అందుకే పెద్ద గాలి లేని రోజున కూడా మొదటి తుప్పరకి లైను ట్రిప్ అవుతుంది. ఉరుములు మొదలవకముందే వైఫై, టీవీ ప్లగ్గులతో పాటు డిష్ కేబుల్, ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకండి. తెగిన తీగ కనపడితే 1912కి చెప్పండి, తడి నేల మీద దాని దగ్గరికి పోవద్దు.

మెరుపు కనిపించాక ఉరుము వచ్చేదాకా లెక్కపెట్టండి, మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్ఫై లోపే వినిపిస్తే పదికిలోమీటర్ల లోపే ఉంది, మేడ దిగాల్సిందే. పక్కలు తెరిచిన రేకుల షెడ్డు పిడుగు నుంచి కాపాడదు. వాన తగ్గింది కదా అని బరకం చూడ్డానికి వెంటనే పరిగెత్తకండి. గాలివాన వెనక అంచున కూడా పిడుగులు పడతాయి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగి, అప్పుడు టార్చి పట్టుకుని ఎక్కండి. ముందు ట్యాంకు మూత, తరవాత చూరు స్క్రూలు, ఆ తరవాతే బరకం.