డబ్బా పాలు సాయంత్రమే కలిపి ఫ్లాస్కులో పోసి ఉంచవచ్చా?

మీరు మూడు సంగతులు అడిగారు. నెలన్నర పాపకు రాత్రి పట్టే పాలను సాయంత్రమే కలిపి ఫ్లాస్కులో ఉంచుకోవచ్చా అన్నది మొదటిది. డబ్బా మీద గోరువెచ్చని నీళ్ళని ఉంటే, ఆసుపత్రిలో బాగా వేడిగా ఉన్న నీళ్ళతో కలపమన్నారు, దేన్ని పాటించాలన్నది రెండవది. అరగవేమోనని పాలు పలుచగా కలపమంటున్న మీ అత్తగారికి ఏమని చెప్పాలన్నది మూడవది. మా అబ్బాయి నెలలు నిండకముందే పుట్టాడు. నా పాలు చాలకపోవడంతో, పిల్లల డాక్టరు సలహా మీద కొన్ని నెలలు పోతపాలు కూడా పట్టవలసి వచ్చింది. అది విజయవాడ ఎండాకాలం కావడం వల్ల ఈ విషయాలన్నీ అప్పట్లో వివరంగా అడిగి తెలుసుకున్నాను.

కలిపిన పాలను ఫ్లాస్కులో ఉంచడం మాత్రం వద్దు. సీలు తీయని డబ్బాలోని పాలపొడి కూడా పూర్తిగా క్రిమిరహితం కాదు. క్రోనోబాక్టర్, సాల్మొనెల్లా వంటి బాక్టీరియా పొడిలో పెరగకపోయినా, బతికి ఉండగలవు. నీళ్ళు తగిలి, వెచ్చదనం కూడా తోడైతే అవి త్వరగా వృద్ధి చెందుతాయి. ఫ్లాస్కు వాటికి గంటల తరబడి ఆ వెచ్చదనాన్నే ఇస్తుంది. క్రోనోబాక్టర్ సోకడం చాలా అరుదే అయినా, రెండు నెలల లోపు పిల్లలకూ, నెలలు నిండకుండా పుట్టినవారికీ సోకితే రక్తంలో ఇన్ఫెక్షన్, మెదడు పొరల వాపు వంటి ప్రాణాపాయ స్థితి రావచ్చు.

మీ రెండవ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. నీళ్ళు కాచడం నీళ్ళలోని క్రిముల కోసమేనని చాలామంది అనుకుంటారు. అయితే ఆ నీళ్ళు చల్లారాక పొడి కలిపితే, పొడిలో ఉన్నవి అలాగే మిగిలిపోతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నాటి మార్గదర్శకాలలో, 70 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గని నీళ్ళతో కలపమని చెప్పింది. థర్మామీటరు లేకపోతే, లీటరు నీళ్ళను తెర్లేదాకా కాచి, మూత పెట్టి, అరగంట దాటకుండా వాడుకోవాలి; గ్లాసెడు నీళ్ళే కాస్తే అంతకంటే ముందే చల్లారిపోతాయి. ప్రోబయోటిక్స్ (మేలు చేసే బాక్టీరియా) కలిపిన కొన్ని రకాల పొడి విషయంలో వేడి నీళ్ళు వద్దని తయారీదారులు సూచిస్తారు కనుక, మీ డబ్బాను ఒకసారి డాక్టరుకు చూపించండి. పాప వయసును బట్టి చూస్తే, ఆసుపత్రి వారి మాటకే నేను మొగ్గుతాను.

రాత్రి కోసం నేను చేసిన ఏర్పాటు ఇది. అప్పుడే కాచిన నీళ్ళను మంచి ఫ్లాస్కులో పోసి, మరిగించి పూర్తిగా ఆరబెట్టిన చిన్న డబ్బాలో పూటకు సరిపడే పొడిని విడిగా కొలిచి ఉంచుకునేదాన్ని. పాలు కలపగానే గిన్నెను చన్నీళ్ళలో పెట్టి చల్లార్చి, ముంజేతి లోపలి వైపు ఒక చుక్క వేసుకుని వేడి చూసి పట్టేదాన్ని. అయితే తెల్లవారుజాముకు ఫ్లాస్కులోని నీళ్ళు 70 డిగ్రీలు ఉంటాయన్న నమ్మకం లేదు కనుక, ఆ పూటకు మళ్ళీ కాచవలసిందే. అది కుదరని ఇంట్లో, ఒక్కొక్క పూటవి ఒక్కొక్క పాత్రలో కలిపి, త్వరగా చల్లార్చి, ఫ్రిజ్‌లో తలుపు అరలో కాక లోపలి వైపు 5 డిగ్రీల లోపు ఉంచితే 24 గంటల వరకు వాడవచ్చు. చాలాసేపు కరెంటు పోతే వాటిని పారబోయాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలను వేడి నీళ్ళ గిన్నెలో 15 నిమిషాలకు మించకుండా వెచ్చబెట్టాలి. మైక్రోవేవ్‌లో అక్కడక్కడ అతివేడిగా మారి నోరు కాలుతుంది. బయట ఉంచిన పాలు కలిపిన 2 గంటల లోపు వాడాలి, పాప నోరు పెట్టినవైతే గంట దాటకూడదు. డబ్బా ధర తలచుకుంటే పారబోయడానికి చేతులు రావు కాని, మిగిలిన పాలు దాచకండి.

ఇక పలుచన సంగతి. నీళ్ళు ఎక్కువైతే పాపకు పోషణ చాలదు. రక్తంలో సోడియం తగ్గి ఫిట్స్ కూడా రావచ్చు. పొడి ఎక్కువైతే ఒంట్లో నీరు తగ్గుతుంది. కొలత ప్రతి డబ్బాకూ ఒకటి కాదు. చాలావాటిలో 30 మిల్లీలీటర్లకు ఒక స్కూపు అని ఉంటుంది, కొన్నిటిలో వేరేగా ఉంటుంది. ముందు నీళ్ళు కొలిచి, ఆ తరువాత ఆ డబ్బాలోని స్కూపుతోనే, నొక్కకుండా, పైభాగం చదును చేసి పొడి వేయాలి. పొడి కలిశాక మట్టం కొంచెం పెరగడం సహజమే. మీ అత్తగారికి ఇది మీరు చెప్పడం కంటే, వచ్చే టీకా రోజున ఆవిడను వెంట తీసుకెళ్ళి డాక్టరు చేత చెప్పించడం మేలు. మా ఇంట్లో ఆ పద్ధతే పనిచేసింది.

సీసా వాడుతున్నారో లేదో మీరు రాయలేదు. నేను ఉగ్గుగిన్నెతోనే పట్టాను. పాలపీక మూలల్లో పాల జిడ్డు చేరి సులభంగా వదలదు, గిన్నె అయితే తోమడం తేలిక. ఏది వాడినా సబ్బు నీళ్ళతో కడిగి, పూర్తిగా మునిగేలా నీళ్ళు పోసి కనీసం 5 నిమిషాలు మరిగించి, గుడ్డతో తుడవకుండా ఆరనివ్వాలి. పొడి డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టకండి, చెమ్మ చేరుతుంది.

మీది నల్లగొండ జిల్లా అన్నారు కాబట్టి ఇంకొక మాట. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంటే కాచినంత మాత్రాన పోదు, నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత కొంత పెరుగుతుంది కూడా. పాప పాలకు మిషన్ భగీరథ నీళ్ళో, ఆర్‌ఓ నీళ్ళో తీసుకుని, వాటినీ తప్పకుండా కాచి వాడండి.