షాక్ పెట్టాక గుండె లయ కుదిరింది... రక్తం పలచబడే మాత్ర మానేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. నా వయసు 62. పదేళ్లుగా బీపీ, షుగర్ ఉన్నాయి, మాత్రలు వాడుతున్నాను. ఆ మధ్య గుండె దడ, ఆయాసం వస్తే ఈసీజీ తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. ఎకోలో వాల్వులు బాగానే ఉన్నాయన్నారు. నెల రోజులు మందులు వాడించి, మూడు వారాల కిందట మత్తు ఇచ్చి కరెంట్ షాక్ పెట్టారు. అప్పటి నుంచి గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. కానీ మళ్లీ వస్తుందేమోనని ఒకటే టెన్షన్. రోజుకు ఎన్నిసార్లు నాడి చూసుకుంటానో లెక్కే లేదు. మా అబ్బాయి స్మార్ట్ వాచ్ కొనిచ్చాడు, రాత్రిళ్లు కూడా దాన్నే చూస్తూ ఉంటాను. ఇది మళ్లీ రాకుండా ఏం తినాలి, ఏం మానాలి? అలిపిరి నుంచి నడిచి కొండెక్కే మొక్కు ఉంది, ఎక్కొచ్చా? గుండె మామూలైపోయింది కదా అని, పైగా పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని, రక్తం పలచబడే మాత్ర వారం కిందట ఆపేశాను. మెడికల్ షాపు అతను చెబితే దాని బదులు చిన్న ఆస్పిరిన్ వేసుకుంటున్నాను. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు డైక్లోఫెనాక్ వాడతాను.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది తిండి గురించి, వాచీ గురించి, కొండ గురించి. నాకు భయం వేసింది మాత్రం మీరు ఆఖర్న రాసిన మాటకు. మీ ఉత్తరం మా దాకా రావడానికి, ఈ జవాబు మీ దాకా చేరడానికి మధ్య ఇంకొన్ని రోజులు గడిచే ఉంటాయి. కాబట్టి మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ముందు మీకు షాక్ పెట్టిన కార్డియాలజిస్ట్‌కు ఫోన్ చేయండి. మాత్ర ఆపేశాననీ, చిగుళ్ల నుంచి రక్తం వచ్చిందనీ, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వేసుకుంటున్నాననీ దాచకుండా చెప్పండి. ఎప్పటి నుంచి, ఏ మోతాదులో మళ్లీ మొదలుపెట్టాలో ఆయన నిర్ణయిస్తారు. మానేసిన రోజులకు కూడా కలిపి రెండేసి మాత్రలు మాత్రం మింగకండి.

ఎందుకింత తొందర పెడుతున్నానంటే, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పై గదులు సరిగా ముడుచుకోవు, ఊరికే అదురుతుంటాయి. ఎడమ పై గదికి పక్కన చిన్న సంచిలాంటి మూల ఒకటి ఉంటుంది. అక్కడ రక్తం కదలిక తగ్గి, కదపకుండా ఉంచిన పాలు తోడుకున్నట్టు గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి మెదడుకు వెళితే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవాళ్లకు మామూలు వాళ్లకంటే పక్షవాతం ముప్పు సుమారు ఐదు రెట్లు ఎక్కువ.

షాక్ పెట్టాక ఈసీజీలో లయ వెంటనే సర్దుకుంటుంది. కానీ పై గదులకు మునుపటి బలం ఆ క్షణంలోనే రాదు. కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల దాకా అవి మందకొడిగానే ముడుచుకుంటాయి. అంటే నాడి చక్కగా ఆడుతున్నా లోపల గడ్డ కట్టే అవకాశం ఉంటుంది. అందుకే షాక్‌కు ముందు కనీసం మూడు వారాలు, తర్వాత కనీసం నాలుగు వారాలు రక్తం పలచబడే మందు తప్పనిసరి అంటాం. ముందు మూడు వారాలు వాడే వీలు లేకపోతే, గొంతులోంచి గొట్టం వేసి చేసే ఎకోతో లోపల గడ్డ లేదని చూసుకుని షాక్ పెడతాం. షాక్ తర్వాత నాలుగు వారాల విషయంలో మాత్రం దాదాపు ఎవరికీ మినహాయింపు లేదు. మీరు సరిగ్గా ఆ నాలుగు వారాల మధ్యలో ఆపేశారు.

పోనీ ఆ గడువు దాటాకైనా ఆపొచ్చా అంటే, మీ విషయంలో నాకు అదీ కనిపించడం లేదు. ఈ మందు ఎంతకాలం వాడాలన్నది ఇవాళ మీ గుండె ఏ లయలో కొట్టుకుంటోందన్న దాన్ని బట్టి ఉండదు. గుండె బలహీనత, బీపీ, షుగర్, వయసు, గతంలో పక్షవాతం, రక్తనాళాల జబ్బు, వీటికి మార్కులు వేసి లెక్కిస్తాం. బీపీకి ఒకటి, షుగర్‌కు ఒకటి, మీకు అప్పుడే రెండయ్యాయి. 65 నిండితే ఇంకొకటి కలుస్తుంది. రెండు దాటినవాళ్లకే కాదు, రెండు ఉన్నవాళ్లకు కూడా సాధారణంగా మందు కొనసాగించమనే చెబుతాం. షాక్‌తో లయ సర్దుకుంటుంది గానీ మీ బీపీ, షుగర్ ఎక్కడికీ పోవు కదా.

లయ కుదిరింది కాబట్టి మందు అక్కర్లేదన్న ఆలోచన మీ ఒక్కరిదే కాదు, ఒకప్పుడు చాలామంది డాక్టర్లూ అలాగే అనుకున్నారు. 2002లో వచ్చిన అఫర్మ్ అనే పెద్ద అధ్యయనంలో నాలుగు వేల మందికి పైగా రోగులను గమనించారు. కొందరికి లయను నిలబెట్టడానికి, కొందరికి గుండె వేగాన్ని అదుపులో ఉంచడానికి చికిత్స చేశారు. రెండు వర్గాల్లోనూ పక్షవాతం వచ్చినవాళ్లలో ఎక్కువమంది రక్తం పలచబడే మందు ఆపేసినవాళ్లు, లేదా అది చాలినంత స్థాయిలో లేనివాళ్లు. ఆ తర్వాతే మా ఆలోచన మారింది.

ఇక ఆస్పిరిన్. గుండెపోటు వచ్చినవాళ్లకు, స్టెంట్ వేయించుకున్నవాళ్లకు అది మంచి మందే. కానీ ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గడ్డలను ఆపడానికి అది చాలదు. రక్తం పలచబడే కొత్త రకం మాత్ర అపిక్సాబాన్‌ను ఆస్పిరిన్‌తో పోల్చిన అధ్యయనం 2011లో వచ్చింది. అపిక్సాబాన్ వాడినవాళ్లలో పక్షవాతాలు సగానికి పైగా తగ్గాయి, పెద్ద రక్తస్రావాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఆస్పిరిన్‌తో మీకు రక్షణా సరిగా రాలేదు, రక్తస్రావం భయమూ తగ్గలేదు. మెడికల్ షాపు అతను మీ మంచి కోరే చెప్పి ఉంటాడు. కానీ మీ ఎకో, కిడ్నీ పరీక్షలు, మిగతా మందుల చిట్టీ అతను చూడలేదు. ఖరీదైన పరీక్షలు చేయించుకుని, షాక్ కూడా పెట్టించుకుని, ఆఖరికి షాపు కౌంటర్ దగ్గర మందు మార్చేసుకుంటే ఎలా చెప్పండి? చిగుళ్ల నుంచి రక్తం చూడగానే మీ డాక్టర్‌కు ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది.

చిగుళ్ల సంగతి కొట్టిపారేయడం లేదు. షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్ల జబ్బు మామూలే, డెంటిస్ట్‌కు చూపించుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. మెత్తటి బ్రష్ వాడండి. రక్తం పలచబడే మందుతో డైక్లోఫెనాక్ కలిస్తే రక్తస్రావం పెరుగుతుంది, కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీకీ మంచిది కాదు, బీపీ కూడా పెరుగుతుంది. మీరు 'అప్పుడప్పుడు' అని రాశారు. ఆ అప్పుడప్పుడూ మానేయండి. మోకాళ్లకు పారాసెటమాల్, పైపూత, వ్యాయామం వంటివి మీ డాక్టర్‌ను అడిగి వాడుకోవచ్చు. ఊళ్లో నొప్పులకు వేసే సూది మందులు కూడా వద్దు. మలం నల్లగా తారులా వచ్చినా, మూత్రంలో రక్తం కనిపించినా, తలకు గట్టి దెబ్బ తగిలినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మీరు వాడిన మాత్ర పేరు రాయలేదు. ఇలాంటి ప్రశ్న పంపేటప్పుడు దయచేసి మందుల పేర్లు, మోతాదు రాయండి. ఎసిట్రోమ్, వార్ఫరిన్ వంటి పాత రకమైతే, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షలో అంకె సాధారణంగా రెండు, మూడు మధ్య ఉండాలి. గోంగూర, పాలకూర, మునగాకు మానేయక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. అపిక్సాబాన్, రివరాక్సాబాన్ వంటి కొత్త రకం మాత్రలకు ఐఎన్ఆర్ అక్కర్లేదు గానీ, కిడ్నీ పరీక్ష కావాలి. వాటి ప్రభావం ఒకటి రెండు రోజుల్లోనే పోతుంది, కాబట్టి ఒక్కపూట మర్చిపోవడం కూడా చిన్న సంగతి కాదు. రివరాక్సాబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలైతే అన్నంతో పాటే వేసుకోవాలి. ఉపవాసం రోజున ఖాళీ కడుపున మింగితే మందు సరిగా ఒంటికి పట్టదు. ఇదే జవాబు చదివే మిగతావాళ్లకు ఒక మాట. చిన్నప్పటి కీళ్లవాతం వల్ల మైట్రల్ వాల్వు సన్నబడినవాళ్లకు, లోహపు వాల్వు వేయించుకున్నవాళ్లకు ఈ కొత్త మాత్రలు పనికిరావు, వాళ్లు పాత రకమే వాడాలి. పక్కింటివాళ్లది చూసి మార్చుకోకండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మళ్లీ వస్తుందా? రావచ్చు. షాక్ పెట్టించుకున్నవాళ్లలో సుమారు సగం మందికో, అంతకు పైగానో ఏడాదిలోపు తిరిగి వస్తుంది. మీకు ధైర్యం చెప్పడం కోసం ఈ సంగతి దాచడం నాకు ఇష్టం లేదు. కానీ వచ్చినంత మాత్రాన చికిత్స విఫలమైనట్టు కాదు, గుండె ఆగిపోతుందనీ కాదు. మందులు మార్చవచ్చు, మళ్లీ షాక్ పెట్టవచ్చు. తగినవాళ్లకు కాథెటర్‌తో అబ్లేషన్, అంటే రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి గుండెలో లయ తప్పించే చోట్లను పనిచేయకుండా చేసే చికిత్స, చేయవచ్చు, అది హైదరాబాద్‌లో చాలాకాలంగా చేస్తున్నారు. జబ్బు బయటపడ్డ మొదటి ఏడాదిలోనే లయను నిలబెట్టే చికిత్స మొదలుపెడితే మేలని 2020లో యూరప్ అధ్యయనం ఒకటి చెప్పింది. కాబట్టి మీకు సరైన సమయంలోనే చికిత్స మొదలైంది. లయ కోసం అమియోడరోన్ రాసి ఉంటే థైరాయిడ్, లివర్ పరీక్షలు ఆరు నెలలకోసారి చేయించాలి. అది ఎసిట్రోమ్, వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుంది కూడా.

తిరిగి రాకుండా చేసే ప్రత్యేకమైన తిండి ఏదీ లేదు. మీ చేతిలో ఉన్నవి వేరే ఉన్నాయి. బీపీ అదుపులో ఉండాలి. థైరాయిడ్ పరీక్ష చేయించకపోతే చేయించండి. బరువు ఎంతో మీరు రాయలేదు. బాగా ఎక్కువగా ఉన్నవాళ్లు పదో వంతు తగ్గించి, తిరిగి పెరగకుండా చూసుకుంటే ఈ జబ్బు చాలావరకు నెమ్మదిస్తుందని ఆస్ట్రేలియా డాక్టర్లు చూపించారు. మద్యం అలవాటుంటే మానేయండి. అక్కడే చేసిన మరో అధ్యయనంలో తాగుడు ఆపినవాళ్లలో 53 శాతం మందికి తిరిగి వస్తే, ఆపనివాళ్లలో 73 శాతం మందికి వచ్చింది. ఇంకోటి, మీ ఆవిడను అడగండి. మీరు గట్టిగా గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందా? అవునంటే స్లీప్ టెస్ట్ చేయించుకోవాలి. నిద్రలో ఊపిరి ఆగే ఆ సమస్యకు చికిత్స చేయకుండా వదిలేస్తే షాక్ తర్వాత తిరగబెట్టడం ఎక్కువ. గురకను ఎవరూ జబ్బుగా చూడరు, అందుకే అడిగి మరీ చెప్పించుకుంటాను.

నాడి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసుకోండి, చాలు. ఐదు నిమిషాలు కూర్చుని, మణికట్టు దగ్గర నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. వేగం కంటే తడబాటు ఉందా అన్నది ముఖ్యం. ఈసీజీ తీసే వాచీ అయితే తేడా ఉన్నప్పుడు ఆ రికార్డు దాచి డాక్టర్‌కు చూపించండి, అది మాకు నిజంగా పనికొస్తుంది. రాత్రి దాన్ని తీసి పక్కన పెట్టి పడుకోండి. అయితే ఏ లక్షణమూ లేకుండా కూడా ఈ లయ తప్పడం వచ్చి పోతుంటుంది, వాచీ పట్టుకోలేనివి కూడా ఉంటాయి. వాచీలో అంతా బాగుంది కాబట్టి మాత్ర వద్దు అనుకోవడానికి అది ఆధారం కాదు. దడ మళ్లీ మొదలై తగ్గకపోతే ఆ రోజే చూపించుకోండి. ఛాతీలో నొప్పి, బాగా ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచండి. మూతి ఒక పక్కకు వంకరపోయినా, చేయి గానీ కాలు గానీ పట్టు తప్పినా, మాట తడబడినా, అది కాసేపటికి తగ్గిపోయినా సరే, 108కి ఫోన్ చేసి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. గడ్డ కరిగించే సూది మందుకు నాలుగున్నర గంటల గడువే ఉంటుంది. చివరిసారి మామూలుగా ఉన్న సమయం, రక్తం పలచబడే మాత్ర ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నారన్నదీ అక్కడి డాక్టర్లకు చెప్పాలి. నీళ్లు, మాత్రలు ఏవీ నోట్లో వేయకూడదు.

కొండ విషయానికి వస్తే, ఇప్పుడే వద్దు. ముందు మందు దారిలో పడాలి, తర్వాతి చెకప్‌లో ఈసీజీ, బీపీ చూడాలి. చదును నేల మీద అరగంట ఆయాసం లేకుండా నడవగలుగుతుంటే, మీ కార్డియాలజిస్ట్ సరేనంటే, అప్పుడు ఆలోచించవచ్చు. మోకాళ్లు కూడా అప్పటికి ఏమంటాయో చూడాలి. వెళ్లినప్పుడు ఒక్కరే వెళ్లకండి. నడక చల్లటి పూట పెట్టుకోండి, నీళ్లు తాగుతూ ఉండండి, మాత్రలు జేబులోనే ఉంచుకోండి. బస్సులో వెళ్లి దర్శనం చేసుకోవడానికి కూడా ముందుగా డాక్టర్‌ను అడిగి తేదీ పెట్టుకోండి.

ఇవన్నీ మీరు రాసిన వివరాలను బట్టి చెప్పినవి. మిమ్మల్ని చూసి, రిపోర్టులు చూసిన డాక్టర్ మాటే మీకు ప్రమాణం. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, మోకాళ్లవీ ఆస్పిరినూ సహా, ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి.