అచ్చమాంబ పుస్తకం పేరులో ‘అబల’ ఎందుకుంది?

ప్రశ్న: మా కాలేజీలో భండారు అచ్చమాంబ గారి రచనల మీద మాట్లాడాలి. ఆమె ముఖ్యమైన పుస్తకం ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ దగ్గరే ఆగిపోయాను. ఆడవాళ్ళ శక్తిసామర్థ్యాల గురించి రాసిన పుస్తకానికి ‘అబల’ అని పేరు పెట్టడమేమిటి? అప్పటికి ఆమె కూడా స్త్రీ అంటే బలం లేనిదనే అనుకున్నారా? అది ‘అబల’ కాకుండా దీర్ఘంతో ‘అబలా’ ఎందుకైంది, ఎవరినో పిలుస్తున్నట్టుంది. ‘సచ్చరిత్ర’ సరైనదా, ‘సచ్ఛరిత్ర’ సరైనదా? పోస్టర్ మీద ‘సబలా సచ్చరిత్ర’ అని మార్చి వేద్దామని ఒక ఫ్రెండ్ అంటోంది, అలా వేయవచ్చా?

జవాబు: ముందు దీర్ఘం సంగతి తేల్చేద్దాం, అది తేలిక. సంస్కృతంలో ఆ మాట ‘అబలా’. సీతా, లతా, కళా, భాషా, సభా, ఇవన్నీ అక్కడ దీర్ఘాంతాలే. తెలుగులోకి వచ్చి విడిగా నిలబడేటప్పుడు చివరి దీర్ఘం పోయి సీత, లత, కళ, భాష, సభ అవుతాయి. కానీ సంస్కృత సమాసంలో, వెనక మరో సంస్కృత పదం ఉన్నప్పుడు, పాత దీర్ఘం అలాగే ఉంటుంది. సభ, సభాపతి. కళ, కళాశాల. కన్య, కన్యాశుల్కం. మహిళ, మహిళా మండలి. ఈకారానికీ ఇదే పద్ధతి కాబట్టే నది నదీతీరం అవుతుంది, ‘వధువు’ కూడా వరుడి పక్కన చేరేసరికి ‘వధూవరులు’ అవుతుంది. అబల, అబలా సచ్చరిత్ర కూడా అంతే. సమాసం చివర ఉన్న ‘మాలా’ మాత్రం తెలుగు పద్ధతిలో ‘మాల’ అయిపోయింది. ఒకే పేరులో మొదటి మాటకు దీర్ఘం మిగలడం, చివరి మాటకు పోవడం మీకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పిలుస్తున్నట్టు అనిపించడం సహజమే. తెలుగులో పిలిచేటప్పుడు అక్క అక్కా అవుతుంది, సీత సీతా అవుతుంది. ఆ దీర్ఘం వేరు, ఈ దీర్ఘం వేరు, చెవికి మాత్రం ఒకేలా ఉంటాయి. ఇది తెలియక కొందరు ‘భాషా మీద ప్రేమ’, ‘కథా బాగుంది’ అని రాస్తుంటారు, అవి తప్పు. భాష మీద ప్రేమ, లేదా భాషాప్రేమ.

ఇక ‘సచ్చరిత్ర’. ఇది సత్ + చరిత్ర. త్ పక్కన చ వస్తే ఆ త్ కూడా చ్ అవుతుంది, దీన్ని శ్చుత్వ సంధి అంటారు. శరత్ + చంద్ర శరచ్చంద్ర అయినట్టే, సత్ + చిత్ + ఆనందం సచ్చిదానందం అయినట్టే. ఒత్తు ‘ఛ’ రావడానికి ఇక్కడ కారణమే లేదు. మరి ఆ ఒత్తు మన చేతికి ఎందుకొస్తుంది? ‘సచ్ఛీలం’ లాంటి మాటల వల్ల. అది సత్ + శీలం. అక్కడ రెండో మాట ‘శ’తో మొదలైంది కనుక త్ చ్ అయింది, ఆ శ ఛ అయింది. ఉత్ + శ్వాసం ఉచ్ఛ్వాసం, ఉత్ + చారణ ఉచ్చారణ. ‘ఉచ్ఛారణ’ అని రాసేవాళ్ళు కూడా ఇక్కడే తడబడతారు. రెండో మాట ‘శ’తో మొదలైందా, ‘చ’తో మొదలైందా అని ఒక్కసారి విడదీసి చూసుకుంటే చాలు, ఇక ఎప్పుడూ తప్పు రాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇది వ్యాకరణంతో తేలిపోయేది కాదు, అందుకే కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశం. దాని మనుష్యవర్గంలో స్త్రీకి పర్యాయపదాలు చెప్పే శ్లోకం ‘స్త్రీ యోషిదబలా యోషా నారీ సీమంతినీ వధూః’ అని మొదలవుతుంది. చూడండి, అబల మూడో మాట. సంస్కృతం చదువుకునే ప్రతివాళ్ళూ అమరం వల్లించే రోజుల్లో ‘అబల’ అంటే స్త్రీ అని ముందు నోటికొచ్చేది, బలం లేనిదనే అర్థం తర్వాత ఎప్పుడో విడదీసి చూసుకుంటే తెలిసేది. అదే శ్లోకంలో కాస్త ముందుకెళితే వామ, వనిత, మహిలా వస్తాయి. ఆ మహిలా మన నోట్లో మహిళ అయింది. సీమంతిని అంటే పాపిట ఉన్నది, వనిత అంటే వలచబడినది. ప్రతి మాటా చూసేవాడి కంటి నుంచి పుట్టిందే, స్త్రీ తనను తాను పిలుచుకున్న పేరు ఇందులో ఒక్కటీ కనపడదు. ఈ విషయం మీ ప్రసంగంలో చెప్పదగ్గది.

‘అబల’లోని అ గురించి కూడా ఒక మాట. సంస్కృతంలో ఈ నిషేధార్థక అకారానికి ‘లేదు’ అనేది ఒక్కటే అర్థం కాదు, ఆరు అర్థాలు చెప్తారు. అపాపం అంటే పాపం లేకపోవడం. అధర్మం అంటే ధర్మానికి విరుద్ధమైనది. ‘అనుదర’ అంటే పొట్టే లేనిదని కాదు, సన్నని నడుము కలదని, అంటే అక్కడ అకారానికి ‘కొద్ది’ అని అర్థం. అబలను కూడా ఇలాగే ‘కొద్దిపాటి బలం కలది’ అని వ్యాఖ్యాతలు సర్దిచెప్పారు. ఆ సర్దుబాటు వల్ల మాటలోని చిన్నచూపు పోతుందని నేననుకోను. బలం లేదనడానికీ కొంచెమే ఉందనడానికీ వ్యాకరణంలో తేడా ఉంది గానీ, ఆ మాట పడేవాళ్ళకు పెద్ద తేడా లేదు.

అసలు పనికొచ్చే మాట ‘యోగరూఢి’. పంకజం అంటే బురదలో పుట్టింది. బురదలో నత్త పుడుతుంది, నాచు పుడుతుంది, కానీ పంకజం అంటే తామర ఒక్కటే. పదం విడదీస్తే వచ్చే అర్థమూ (యోగార్థం) ఉంది, వాడుకలో ఒకదానికే అంటుకుపోవడమూ (రూఢి) ఉంది. అబల కూడా అలాంటిదే. మంచం పట్టి లేవలేని మగవాణ్ణి దుర్బలుడు అంటాం, బలహీనుడు అంటాం, ‘అబలుడు’ అని ఎవరూ అనరు. కుస్తీ పట్టగల స్త్రీని కూడా ఆ రోజుల్లో పద్యంలో అబల అనేసేవారు. కావ్యాల్లో ఇంతి, మగువ, పడతి, తొయ్యలి, వెలది ఎలా వాడారో అబల కూడా అలాగే, గణం కుదిరిన చోట, యతి కుదిరిన చోట వాడేశారు. అక్కడ బలాబలాల లెక్కేమీ లేదు.

కాబట్టి 1901లో అచ్చయిన పుస్తకం పేరులో ‘అబలా’ అంటే ‘స్త్రీల’ అని మొదటి అర్థం. స్త్రీల సచ్చరిత్రలనే రత్నాల మాల. ఆ కాలంలో స్త్రీల కోసం నడిచిన పత్రికల పేర్లు పక్కన పెట్టి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. వీరేశలింగం గారిది ‘సతీహితబోధిని’, రాయసం వెంకటశివుడు గారిది ‘తెలుగు జనానా’, 1902లో మొదలైంది ‘హిందూ సుందరి’. సతి, జనానా, సుందరి! జనానా అంటే అంతఃపురం, పరదా చాటున ఆడవాళ్ళుండే చోటు, ఆ మాట ఆడవాళ్ళను పరదా దాటించాలని నడిపిన పత్రికకు పేరైంది. ఇవాళ ఎవరైనా ఆడవాళ్ళ పత్రికకు సుందరి అని పేరు పెడితే మనం ముఖం చిట్లిస్తాం. ఆనాటి చదువరులకు ఆ పేర్లలో తప్పేమీ వినిపించలేదు. అచ్చమాంబ గారి కథలు వచ్చింది కూడా ఇలాంటి పత్రికల్లోనే. ఇప్పుడు చాలామంది తెలుగులో తొలి కథగా చెప్తున్న ‘ధన త్రయోదశి’ 1902లో హిందూ సుందరిలోనే వచ్చింది, గురజాడ ‘దిద్దుబాటు’ కన్నా ఎనిమిదేళ్ళ ముందు.

అయితే మాట వాడుకలో అరిగిపోయింది కనుక ఆమె దాని అర్థం పట్టించుకోలేదు అని మాత్రం దయచేసి మీ ప్రసంగంలో చెప్పకండి. ఆ పుస్తకానికి ఆమె రాసుకున్న పీఠిక చదవండి. స్త్రీలు అబలలు, బుద్ధిహీనులు, వివేకం లేనివాళ్ళు అని కొందరు వేస్తున్న నిందలు నిజం కావని, ధైర్యవంతులు, విదుషీమణులు, రాజ్యాలు నడిపినవాళ్ళు పూర్వమూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారని చూపించడమే తన మొదటి ఉద్దేశమని ఆమె అక్కడ చెప్తారు. చదువుకుంటే ఆడవాళ్ళు చెడిపోతారనే వాదాన్ని కొట్టేయడం రెండోది. అంటే అట్ట మీద ‘అబల’ అంటే స్త్రీ, లోపల పీఠికలో ‘అబల’ ఒక నింద. అట్ట మీద రూఢి, పీఠికలో యోగార్థం. ఒకే మాటను రెండు చోట్ల రెండు అర్థాల్లో వాడిన మనిషికి ఆ మాట బరువు తెలియదని ఎలా అంటాం? పేరులో ఆమె కావాలనే ఆ వైరుధ్యం పెట్టారని నేను గట్టిగా వాదించను గానీ, పుస్తకం చదివాక మళ్ళీ అట్ట చూస్తే ఆ మాట మొదట చదివినట్టు వినపడదు. నాకు ప్రతిసారీ అలాగే అవుతుంది.

ఇంకొకటి కూడా చూడండి. తన కథకు ఆమె ‘గుణవతియగు స్త్రీ’ అని పేరు పెట్టుకున్నారు. ‘దంపతుల ప్రథమ కలహము’ అని ఇంకో కథ. కథ దగ్గరికి వచ్చేసరికి స్త్రీ, దంపతులు లాంటి సాదా మాటలే వాడారు. రత్నమాల అనే గంభీరమైన సంస్కృత సమాసం కట్టేటప్పుడు మాత్రం అమరకోశపు మాట తీసుకున్నారు.

ఈ సంస్కృత సమాసం కట్టినావిడ ఏ బడికీ వెళ్ళి చదువుకోలేదని కూడా గుర్తుంచుకోండి. 1874లో పెనుగంచిప్రోలులో పుట్టి, చిన్నతనంలోనే పెళ్ళయి, భర్త ఉద్యోగం వల్ల మధ్య పరగణాలకు వెళ్ళిపోయారు. అక్కడ తన దగ్గరే ఉండి చదువుకున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో తెలుగు, హిందీ నేర్చుకున్నారు. తర్వాత మరాఠీ, సంస్కృతాల దాకా వెళ్ళారు. తమ్ముడు అక్కకు చదువు చెప్పాడు! ఆ తమ్ముడే తర్వాత తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలపెట్టాడు. అక్క 1905లోనే, ముప్పై ఒక్క ఏళ్ళైనా సరిగ్గా నిండకుండా వెళ్ళిపోయారు.

‘సచ్చరిత్ర’లో కూడా చూడాల్సింది ఉంది. చరిత్ర అంటే ఇప్పుడు మనకు హిస్టరీ. అప్పుడు చరిత్ర అంటే ముందుగా ఒక మనిషి జీవితకథ, వీరేశలింగం గారి ‘స్వీయచరిత్రము’లో ఉన్న చరిత్ర అదే. సంస్కృతంలో ఇంకా వెనక్కి వెళితే నడవడి. ఇక సత్ అంటే మంచిది అని ఒక అర్థం, ఉన్నది, నిజమైనది అని ఇంకో అర్థం. కనుక మంచి నడవడి కల స్త్రీల కథలు అని చదవవచ్చు, స్త్రీల నిజమైన జీవితకథలు అని కూడా చదవవచ్చు. నేను రెండో అర్థం వైపు మొగ్గుతాను, ఎందుకంటే పుస్తకాన్ని భాగాలుగా తలపెట్టి ఆమె ఈ మొదటి భాగానికి చారిత్రక స్త్రీలను తీసుకున్నారు, పురాణ స్త్రీలను వేరే భాగానికి అట్టేపెట్టుకున్నారు. ఉన్న మనుషుల కథలు ముందు చెప్పాలనుకున్నారు. ఇది నా అభిప్రాయం, సమాసం మాత్రం రెండిటికీ ఒప్పుకుంటుంది.

‘సబల’ సంగతి. స + బల, బలంతో కూడినది. మాట తప్పు కాదు, సంస్కృతంలో ఉన్నదే. బలం అంటే సైన్యం కూడా కనుక ‘సైన్యంతో కూడిన’ అనే అర్థం కూడా వస్తుంది. దీన్ని ‘శబల’ అని మాత్రం రాయకండి, అది రంగురంగులది అని అర్థమిచ్చే వేరే మాట, రామాయణంలో వసిష్ఠుడి కామధేనువు పేరు శబల. నినాదంగా ‘అబల కాదు సబల’ బాగానే పేలుతుంది. కానీ నాకో ఇబ్బంది ఉంది. సబల ఒంటరిగా నిలబడదు, పక్కన అబల ఉంటేనే దానికి అర్థం. కాదు కాదంటూనే ఆ పాత మాటను రోజూ తలుచుకున్నట్టవుతుంది. స్త్రీ, మహిళ, ఆడవాళ్ళు అనే మాటలుండగా మనకు ఈ జంట అవసరం లేదు. ఇప్పటి రాతలో స్త్రీకి పర్యాయపదంగా ‘అబల’ వాడటం మానేయాలని కూడా గట్టిగా చెప్తాను. యోగరూఢి చెరిగిపోయింది, ఇవాళ్టి చెవికి అందులో బలహీనత ఒక్కటే వినపడుతుంది. వార్తల్లో దాడికి గురైన మనిషిని ‘అబల’ అని రాసినప్పుడల్లా ఆమెకు రెండోసారి దెబ్బ తగిలినట్టే ఉంటుంది.

కానీ పుస్తకం పేరు మార్చడానికి మనకు హక్కు లేదు. అది ఆమె పెట్టుకున్న పేరు. సబలా అని మారిస్తే, పీఠికలో ఆమె ఏ మాట మీద కొట్లాడారో ఆ మాటే అట్ట మీద నుంచి మాయమవుతుంది, మీ శ్రోతలకు ఆ గొడవే తెలియకుండా పోతుంది. మీ ఫ్రెండ్‌కి ఈ సంగతి చెప్పండి, ఒప్పుకుంటుంది.

పోస్టర్ మీద ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని మూడు ముక్కలుగా, ‘చ్ఛ’ కాకుండా ‘చ్చ’తో వేయండి. కింద చిన్న అక్షరాల్లో 1901 అని సంవత్సరం తప్పకుండా ఉండాలి. వేదిక మీద చదివేటప్పుడు ‘అబలా’ దగ్గర ఆగకండి, ఆగితే పిలిచినట్టే ఉంటుంది. సచ్చరిత్ర దాకా ఒకే ఊపిరిలో వెళ్ళి, అక్కడ ఆగి, అప్పుడు రత్నమాల అనండి.