మోకాలి శస్త్రచికిత్స తరువాత ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ నొప్పిని తగ్గిస్తుందా?

మీ అమ్మగారికి మోకాలి కీలు మార్పిడి జరగబోతున్నదనీ, ఆ తరువాత మాత్రలు మానేసి ఎలక్ట్రో ఆక్యుపంక్చర్‌తోనే నొప్పిని భరించవచ్చునా అనీ మీరు అడిగారు. అదే శస్త్రచికిత్స చేయించుకొని ఈ చికిత్స కూడా తీసుకున్నవాడిని కనుక నాకు తెలిసినది రాస్తున్నాను. మాత్రలు పూర్తిగా మానడం నాకు సాధ్యపడలేదు. అయితే రాత్రి నొప్పికి అదనంగా అడిగి వేయించుకునే మోతాదులు తగ్గాయి, వాటితోపాటు వచ్చే వికారమూ మలబద్ధకమూ తగ్గాయి.

నాకు మూడవ రోజు నుంచి ఆరుసార్లు, ప్రతిసారీ అరగంట చొప్పున చేశారు. గాయం దరిదాపుల్లో సూది పెట్టలేదు. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దూరంలో, ముంగాలి ఎముకకు వెలుపలి పక్కన ఉండే బిందువులోనూ, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలోనూ సన్నని సూదులు గుచ్చి, వాటికి తీగలు తగిలించి, చిన్న యంత్రం నుంచి స్వల్ప విద్యుత్తును పంపారు. సూది బాధ లెక్కలోకి రాదు. కండ దానంతటదే టకటకా అదరడమే మొదట వింతగా ఉంటుంది. తొలిసారి యంత్రం తీవ్రతను కాస్త ఎక్కువగా పెంచినా, ఎక్కువైతేనే గుణమిస్తుందేమోనన్న భ్రమతో నేను నోరు మెదపలేదు. పిక్క బిగుసుకుపోయి ఆ సాయంత్రమంతా నొప్పి రెట్టింపయింది. స్పష్టంగా తెలియాలి కానీ బాధించకూడదు, అంతవరకే ఉంచమని మీ అమ్మగారికి ముందే చెప్పండి.

ఇది ఎలా పనిచేస్తుందన్న విషయంలో చైనా శాస్త్రవేత్త హాన్ జిషెంగ్ బృందం చేసిన పరిశోధనలు ముఖ్యమైనవి. సెకనుకు 2 సార్లు, అంటే 2 హెర్ట్జ్ వేగంతో విద్యుత్తును పంపితే నాడీ వ్యవస్థలో ఎన్‌కెఫలిన్, బీటా ఎండార్ఫిన్ విడుదలవుతాయనీ, 100 హెర్ట్జ్ వద్ద వెన్నుపాములో డైనార్ఫిన్ విడుదలవుతుందనీ వారు చూపారు. అందుకే చాలామంది చికిత్సకులు ఈ రెండు వేగాలనూ మార్చిమార్చి వాడతారు. ఇవన్నీ శరీరం తనకు తాను తయారు చేసుకునే, మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు వంటి పదార్థాలు. మార్ఫిన్‌కు విరుగుడైన నలోక్సోన్‌ను ఇస్తే తక్కువ వేగపు ఉపశమనం చాలావరకు అణగిపోతుందన్నది దీనికి బలమైన ఆధారం. మార్ఫిన్ తరహా మందు వచ్చి అతుక్కునే చోట్ల, అంటే నాడీకణాల గ్రాహకాల మీదనే ఇదీ పనిచేస్తున్నందువల్ల మందు అవసరం తగ్గుతుందే తప్ప పోదని నేను అర్థం చేసుకున్నాను.

మోకాలి మార్పిడి తరువాత వాడే మందులేతర పద్ధతులపై 2017లో జామా సర్జరీ పత్రికలో వచ్చిన సమీక్ష, ఆక్యుపంక్చర్ వల్ల ఓపియాయిడ్, అంటే మార్ఫిన్ తరహా మందుల అవసరం కొంత ఆలస్యమవుతుందని ఒక మోస్తరు నమ్మకంతో మాత్రమే చెప్పింది. పైగా ఉత్తుత్తి సూదులు పెట్టించుకున్నవారిలో కూడా కొందరు నొప్పి తగ్గిందంటారు. నా ఉపశమనంలో కొంత భాగం నమ్మకం వల్ల కలిగినదే కావచ్చునని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. మోకాలు వంగింది, నడక కుదిరింది, నాకు కావలసినది అదే.

మీ అమ్మగారికి గుండెలో పేస్‌మేకర్ గానీ, విద్యుత్ షాక్ ఇచ్చే పరికరం గానీ ఉంటే ఈ ఆలోచన మానుకోవాలి. మోకాలి మార్పిడి తరువాత రక్తం గడ్డకట్టకుండా మందులిస్తారు కనుక, వాటి పేర్లు సూదులు పెట్టేవారికి చెప్పి, శస్త్రచికిత్స చేసిన వైద్యుని అనుమతి తీసుకోండి. పిక్కలో కొత్తగా వాపు, వేడి, నొప్పి కనిపిస్తే అది గడ్డకట్టిన రక్తం కావచ్చు. అప్పుడు సూదుల మాట పక్కనపెట్టి వెంటనే వైద్యునికి చూపించాలి.

అన్నీ కుదిరితే, ఫిజియోథెరపీకి ఒక గంట ముందు చికిత్స ముగిసేలా సమయం అడగండి. నాకు దీనివల్ల ఎక్కువ మేలు జరిగింది ఆ గంటలోనే.