వేడెక్కగానే పడిపోతున్న ఆయిల్ ప్రెషర్

ప్రశ్న: సర్, నా దగ్గర పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ ఉంది, 1.8 టర్బో పెట్రోలు. ఈమధ్యే ఇంజిన్ దించి మొత్తం చేయించాను. ఫోర్జ్‌డ్ (ఒత్తి చేసిన గట్టి రకం) పిస్టన్లు, ఫోర్జ్‌డ్ కనెక్టింగ్ రాడ్లు, క్రాంక్ షాఫ్ట్‌కి 0.25 మిల్లీమీటర్ల గ్రైండింగ్, కొత్త బేరింగ్ షెల్స్, టర్బో కూడా పెద్దది వేయించా. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆయిల్ గేజి 5 బార్ చూపిస్తోంది. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో కాసేపు ఆగానంటే ఐడిలింగ్‌లో 0.6కి వచ్చేస్తోంది, 3000 ఆర్పీఎంకి ఎక్కించినా 1.6 దాటదు. అరకు ఘాట్‌లో అయితే మలుపు మలుపుకీ ముల్లు ఊగుతోంది. "రేసు ఇంజిన్లు లూజుగానే కడతారు సర్, ఇంకా చిక్కటి 20డబ్ల్యూ50 ఆయిల్ పోయండి, సరిపోద్ది" అంటున్నాడు మెకానిక్. ఇప్పుడున్నది 5డబ్ల్యూ40. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడే మార్చకండి. చిక్కటి ఆయిల్ పోస్తే ముల్లు లేస్తుంది, నిజమే, మీ టెన్షనూ తగ్గుతుంది, కానీ లోపల ఎక్కడ లీకవుతోందో అక్కడ లీకవుతూనే ఉంటుంది. కారణం తెలిశాక కావాలంటే ఆయిల్ సంగతి మాట్లాడుకుందాం.

ముందు ఆ గేజి నిజం చెబుతోందా లేదా చూడండి. ఎలక్ట్రిక్ సెండర్లు (గేజికి రీడింగ్ పంపే సెన్సర్లు), అందులోనూ చవకవి, వేడికి తప్పు చూపిస్తాయి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి ఆ రంధ్రంలో మామూలు మెకానికల్ గేజి బిగించి కొలవండి. మీ కారులో ఆ థ్రెడ్ ఎం10×1, బజార్లో దొరికే గేజిల అడాప్టర్లు చాలావరకు 1/8 అంగుళం థ్రెడ్‌వి. దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి రెండు చుట్లు ఎక్కుతుంది, ఆ తర్వాత పానా పెట్టి బలవంతం చేశారంటే అల్యూమినియం హౌసింగ్ థ్రెడ్ పోతుంది. సరైన అడాప్టర్ తెప్పించుకునే చేయండి. కారుని ఓ అరగంట తిప్పాక, ఆయిల్ పూర్తిగా వేడెక్కాకే రీడింగ్ తీయాలి, నీళ్ల టెంపరేచర్ ముల్లు మధ్యకి రాగానే ఆయిల్ కూడా వేడెక్కినట్టు కాదు. ఇక డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలగట్లేదని ధైర్యంగా ఉండకండి, ఐడిలింగ్‌లో అది వెలిగేసరికి ప్రెషర్ దాదాపు అయిపోయి ఉంటుంది.

మెకానికల్ గేజిలోనూ ఇవే అంకెలు వచ్చాయనుకుందాం. ప్రతి వెయ్యి ఆర్పీఎంకి 10 పీఎస్‌ఐ ఉండాలని పాత మెకానిక్కుల లెక్క ఒకటుంది. దాని ప్రకారం 3000 దగ్గర 30 పీఎస్‌ఐ, అంటే సుమారు 2.1 బార్ ఉండాలి. మీది 1.6. టర్బో ఇంజిన్, పైగా ఫోర్జ్‌డ్ పార్టులు వేయించారంటే 6000 దాకా లాగుతారు కదా, అక్కడ ఇది ఏమూలకీ చాలదు. అందుకని తేలేదాకా 3000 దాటించకండి, టర్బో బూస్ట్ జోలికి వెళ్లకండి.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది ఆ పొద్దుటి 5 బార్. ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటే చల్లగా ఉన్నప్పుడు కూడా ప్రెషర్ రాదు. పంపు ఆయిల్ పీల్చే చోట ఉండే జాలీ, అదే స్ట్రైనర్, మూసుకుపోయి ఉంటే (ఈ 1.8 టర్బోలకి ఆయిల్ మడ్డి కట్టి అలా అవడం మామూలే) చిక్కటి చల్లని ఆయిల్‌ని పీల్చడమే ఇంకా కష్టం, ఆర్పీఎం పెంచేకొద్దీ ప్రెషర్ పడిపోవాలి. మీకు ఆ రెండూ లేవు. పంపు కొడుతోంది, కొట్టిన ఆయిల్ వేడెక్కి పల్చబడ్డాక ఎక్కడినుంచో సులువుగా జారిపోతోంది. ఆ ఎక్కడ అనేదే తేలాలి.

నా అనుమానం బేరింగ్ ప్లే మీద, అంటే షాఫ్ట్‌కీ షెల్స్‌కీ మధ్య ఉండే సందు మీద. రోడ్డు మీద తిరిగే మామూలు కారుకి షాఫ్ట్ మందం ప్రతి 25 మిల్లీమీటర్లకీ 0.025 మిల్లీమీటర్ల సందు అని ఒక అంచనా. మీ క్రాంక్ పిన్ (క్రాంక్‌లో రాడ్ బిగించే భాగం) 48 మిల్లీమీటర్ల దగ్గర, అంటే 0.05 లోపు చాలు. పవర్ ఎక్కువ లాగే ఇంజిన్‌కి కొంచెం వదులు ఇస్తారు, మీ మెకానిక్ మాటలో ఆ మేరకు నిజం ఉంది. కానీ సందులోంచి కారే ఆయిల్ సందుతో సమానంగా పెరగదు, దాని ఘనంతో (క్యూబ్‌తో) పెరుగుతుంది. 0.05 ఉండాల్సింది 0.07 అయిందంటే కారేది రెండున్నర రెట్లు దాటుతుంది. వెంట్రుక మందం కూడా లేని ఈ తేడా లేత్ దగ్గర "చేత్తో తిప్పి చూశాం, ఫ్రీగా ఉంది సర్" అంటే తెలిసేది కాదు. గ్రైండింగ్ చేసిన చోట ప్రతి పిన్ కొలత రాసిన కాగితం ఇచ్చారా? ఇవ్వకపోతే ఆటోనగర్‌లోనే ఇంకో షాపులో మైక్రోమీటర్, బోర్ గేజితో మళ్లీ కొలిపించండి. కొత్త రాడ్లకి బోల్టులు పూర్తి టార్క్‌లో బిగించాకే బిగ్ ఎండ్ బోర్ (క్రాంక్ పిన్ కూర్చునే రాడ్ రంధ్రం) కొలవాలి. మెయిన్ క్యాప్‌లకి (క్రాంక్‌ని బ్లాకుకి పట్టి ఉంచే మూతలకి) బోల్టులు తీసి స్టడ్లు వేసి ఉంటే మెయిన్ బోర్ ఆకారమే కాస్త మారుతుంది, లైన్ హోనింగ్ (ఆ బోర్లన్నీ ఒకే వరసలో ఉండేలా సానబట్టడం) చేయించారో లేదో అడగండి.

అయితే ఇంజిన్ మళ్లీ దించేముందు చేసేవి కొన్ని ఉన్నాయి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, పెట్రోలు కొడితే ట్యూనింగ్ రిచ్‌గా (పెట్రోలు మోతాదు ఎక్కువగా) ఉండి ఆయిల్ పల్చబడుతోందని అర్థం. అలాంటప్పుడు ఆయిల్ మార్చి, ట్యూనింగ్ సరిచేయించి మళ్లీ కొలవండి, అంతటితో తీరిపోతే అదృష్టమే. ఆయిల్ ఫిల్టర్‌ని రంపంతో కాకుండా (ఆ రజను కూడా లోపలే పడి మోసం చేస్తుంది) ఫిల్టర్ కటర్‌తో కోసి, మడతల కాగితం విప్పి ఎండలో పట్టుకుని చూడండి. అయస్కాంతానికి అంటని తళుకులు, రాగి రంగు పొడి కనిపిస్తే షెల్స్ అరిగిపోతున్నాయి, ఇక కారు తీయొద్దు.

ఫిల్టర్ శుభ్రంగా ఉంటే ఆయిల్ చాంబర్ దించి పిస్టన్ల కింద ఆయిల్ చిమ్మే జెట్లు చూపించండి. వాటి బోల్టులో చిన్న వాల్వ్ ఉంటుంది, ప్రెషర్ కొంత పెరిగాకే తెరుచుకోవాలి. బోరింగ్ చేసిన రజను బ్లాకులోంచి సరిగ్గా కడగకపోతే ఆ వాల్వ్‌లో ఇరుక్కుని, ఐడిలింగ్‌లోనూ నాలుగు జెట్లూ ధారగా కారుతుంటాయి. ఒకవేళ ఫోర్జ్‌డ్ పిస్టన్‌కి తగులుతోందని ఎవరో జెట్ తీసేసి ఆ రంధ్రం మూయడం మర్చిపోయారంటే ఇక చెప్పేదేముంది. కడగడానికి తీసిన గ్యాలరీ (బ్లాకులోని ఆయిల్ దారుల) ప్లగ్గులు అన్నీ మళ్లీ పెట్టారా అన్నదీ అప్పుడే చూడాలి.

ఘాట్‌లో ముల్లు ఊగడం వేరే జబ్బు కావచ్చు. లెవెల్ పై గీత దాకా ఉందా? ఉండి కూడా ఊగుతుంటే పంపుకి ఆయిల్ తెచ్చే పికప్ పైపు దగ్గర ఓ-రింగ్ (రబ్బరు సీలు) గాలి పీలుస్తోందేమో. ఐడిలింగ్‌లోనూ ఊగుతుంటే పరీక్షకి మాత్రమే అర లీటరు ఎక్కువ పోసి చూడండి, ముల్లు నిలకడగా నిలబడితే అనుమానం అక్కడే. తర్వాత ఆ అర లీటరూ తీసేయాలి.

ప్రశ్న: కొత్తగా చేయించిన ఇంజిన్‌లో మొదటి ఆయిల్ మార్చేటప్పుడు డీజిల్‌తో ఫ్లష్ చేస్తామంటున్నారు. మంచిదేనా?
– గాజువాక పాఠకుడు

జవాబు: వద్దండి. ఎంత వంపినా కొంత డీజిల్ గ్యాలరీల్లో మిగిలి కొత్త ఆయిల్‌ని పల్చబరుస్తుంది, ఫ్లష్ చేస్తున్నంతసేపూ బేరింగులు దాదాపు పొడిగానే తిరుగుతాయి. వేడి ఇంజిన్‌లో ఆయిల్ దించి, అరగంట కారనిచ్చి, ఫిల్టర్ మార్చండి, చాలు. పాత ఫిల్టర్ మాత్రం పారేయకుండా కోయించి చూసుకోండి.