అనంతగిరి ఘాట్‌లో ట్యూబు పేలడం గురించి
అరకు నుంచి శృంగవరపుకోట వైపు దిగుతుంటే గాలికొండ దాటాక మీ సైకిలు ముందు చక్రం ట్యూబు పేలిందని, టైరులో మేకు గానీ ముల్లు గానీ దొరకలేదని రాశారు. నా అనుమానం మీరు బ్రేకు పట్టిన తీరు మీద. మీది రిమ్ము బ్రేకుల సైకిలు కదా! దిగినంతసేపూ మీట వదలకుండా పట్టుకుంటే రాపిడికి రిమ్ము కాలిపోతుంది, ఆ వేడికి ట్యూబులో పీడనం పెరుగుతుంది. నాకూ ఒకసారి అలాగే అయింది. ఆగి రిమ్ముపై వేలు పెడితే పెనం మీద పెట్టినట్టు చురుక్కుమంది.

మలుపుకు ముందే, సైకిలు నిటారుగా ఉండగానే రెండు బ్రేకులూ నొక్కి వేగం తగ్గించండి, ఆ తర్వాత వదిలేయండి. మధ్య మధ్య ఆగితే రిమ్ము చల్లారుతుంది, కాఫీ తోటలూ చూడవచ్చు. గాలి మాత్రం టైరు మీద రాసిన గరిష్ఠ అంకె దాకా నింపకండి. చువ్వల చివరలు ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ము లోపల వేసే పట్టీ జరిగిందేమో కూడా చూడండి. ట్యూబు లోపలి వైపు చిరిగి ఉంటే దొంగ అదే.

మౌంటెన్ బైకు కొనాలా అన్నారు. తారు రోడ్డుకైతే అవసరం లేదు, 28 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు చాలు. తోటల మధ్య మట్టిదారులు తొక్కాలనుకుంటే డిస్కు బ్రేకులున్నది తీసుకోండి. చలికాలం పొద్దున్నే పొగమంచు దట్టంగా ఉంటుంది, వెనుక ఎర్ర దీపం మరవకండి.